ముందు కూసో, తర్వాత చెప్పు

వకీలమ్మా,

మీరు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఈ ఉత్తరం మీరు చదవరని తెలుసు. కోపం ఆగక రాస్తున్న.

గుండ్లపోచంపల్లిలో మా మందుల ప్యాకింగ్ కంపెనీల ఆడోళ్లం పొద్దంతా నిలబడే పని చేసేటోళ్లం. మచ్చ బొల్లారంలో మీ ఆఫీసుకు మొదటిసారి వచ్చినప్పుడు కూడా గోడ పక్కన నిలబడ్డం. "ముందు కూసోండ్రి, తర్వాత చెప్పుండ్రి. కోర్టుల నిలబడేటందుకు నేనున్న గదా" అన్నరు. పెద్ద కంపెనీలు పిలిచినా పోకుండా, బతుకంతా మాలాంటోళ్ల కోసమే లేబర్ కోర్టుల నిలబడ్డరు. మాకు స్టూళ్లు ఇప్పించిన్రు.

ఇయ్యాల అదే కంపెనీ మీ ఫొటోకు దండేసింది. వచ్చిన పెద్దమనుషులు కూసునేటందుకు మా స్టూళ్లే ఎత్తుకపోయిన్రు. కోర్టుల మిమ్మల్ని "కంపెనీ మూయించే మనిషి" అని తిట్టిన మేనేజరే, "మేడం మాకు అక్కలెక్క" అని మైకుల చెప్పవట్టిండు. మేమంత నిలబడి విన్నం. నాకు ఆరో నెల, కాళ్లు వాచినయ్. "నోరు మూసుకొని ఉండు, పని పోతది" అని మా ఆయన పొద్దున్నే చెప్పి పంపిండు.

మీ ఫొటో పెట్టింది నా స్టూలు మీదనే. దాని విరిగిన కాలుకు నేను కట్టిన నీలం గుడ్డ కనబడ్డది. ముందుకు పోయి, మిమ్మల్ని ఒళ్లో పెట్టుకొని దాని మీద కూసున్న.

"ఏందమ్మా ఇది?" అన్నడు మేనేజర్.

"కూసున్న సార్. ఇగ చెప్త" అన్న.