బుసకొట్టిన కారు

కల్వకుర్తి తాలూకా,
8 జూన్ 1959

చిరంజీవి బామ్మర్ది భిక్షంకు బావ పర్వతాలు దీవించి రాయునది. ఇక్కడ కారు తప్ప అందరం క్షేమం.

సగం మందను అమ్మి ఈ పాత కారును ఎందుకు కొన్నానో నీకు తెలుసు. పోయినేడు మీ అక్క గోపమ్మకు కాన్పు కష్టమైతే, ఎడ్లబండి మహబూబ్‌నగర్ చేరేలోపే బిడ్డ దక్కకుండా పోయింది. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. బిడ్డ అడ్డంగా ఉంది, నొప్పులు మొదలుకాగానే పెద్ద దవాఖానకు తీసుకురమ్మని డాక్టరమ్మ చెప్పింది. మా పల్లెకు బస్సు లేదు. బండి పేరెత్తితే మీ అక్క "సచ్చినా ఎక్క" అంటోంది.

కారేమో నన్ను ఏడిపిస్తోంది. ఉరికినంతసేపు బాగానే ఉరుకుతుంది. ఆపి నిలబెడితే చాలు, ఇంజను ఒకసారి పెద్దగా అరుస్తుంది, ఒకసారి నీరసపడుతుంది, చలిజ్వరం వచ్చినట్టు వణికి ఆగిపోతుంది. హేండిలు తిప్పితిప్పి నా రెక్కలు పోతున్నాయి. తోవలో రైలు గేటు పడి ఉంటే మా గతేమిటి? నాకు భయంగా ఉంది. వెంటనే జవాబు రాయి.

నీ బావ,
పర్వతాలు

తా.క. తల్లి చచ్చిన గొర్రెపిల్ల నువ్వు చెప్పిన ఉపాయంతో సీసాలోంచి పాలు తాగుతోందని మీ అక్క రాయమంది. గొర్రెను బతికించినవాడికి కారొక లెక్కా?

హైదరాబాదు,
11 జూన్

బావకు భిక్షం దండాలు. నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. ఊరికి రావడానికి రజా అడిగితే, షాపులో రిపేరుకొచ్చిన ఇన్ని కార్లు విప్పిపెట్టి ఎక్కడికి పోతావని సేటు కసిరాడు. కనుక వైద్యం ఉత్తరంలోనే చేయాలి.

కార్బురేటరు విప్పి పెట్రోలుతో కడుగు. ప్లగ్గులు గీకి పెట్టు. తర్వాత కారు నిలబెట్టి, ఇంజను ఆడుతుండగా చోకు కొంచెం లాగు. వణుకు తగ్గుతుందా? బానెట్ దగ్గర చెవి పెట్టు. బుస్సుమని చప్పుడు వస్తుందా? ఈ రెండూ చూసి రాయి. తెలియని స్క్రూ ఒక్కటి కూడా తిప్పకు.

నీ బామ్మర్ది,
భిక్షం

తా.క. సీసా మూతికి రబ్బరు పైపు ముక్క పెట్టమనడం నా సొంత బుర్రలోంచి వచ్చిందే. సేటుకు చెప్తే నవ్వాడు. పిల్ల బతికిందని రేపు చెప్తాను.

కల్వకుర్తి తాలూకా,
15 జూన్

బామ్మర్ది భిక్షంకు దీవెనలు. నువ్వు మామూలోడివి కాదు. హైదరాబాదులో కూర్చుని, మా కారులో పాముందని ఎట్లా కనిపెట్టావు?

చోకు లాగితే వణుకు తగ్గింది. తర్వాత చెవి పెట్టాను. బుస్సుమంది! మా అమ్మ బీరమ్మ కూడా విని, "గది నాగుబామురా కొడుకా, శెయ్యి పెట్టకు!" అని నన్ను చొక్కా పట్టి గుంజింది. అప్పటినుంచి బానెట్ ఎత్తినవాడు లేడు. చక్రం దగ్గర గిన్నెలో పాలు పెట్టాం. తెల్లారేసరికి గిన్నె ఖాళీ! పాములవాడొచ్చి బూర ఊదాడు. నేను ఇంజను ఆపగానే బుస ఆగింది. తన బూరకే లొంగిందని చెప్పి బియ్యం పట్టుకుపోయాడు. ఇంజను మళ్లీ పెడితే మళ్లీ బుస.

మీ అక్కకు కాళ్లు వాచాయి. "పామున్నా సరే, కారే ఎక్కుత" అంటోంది. అమ్మ ఎక్కనివ్వనంటోంది. ఇద్దరి మధ్య నాకు దిక్కు తోచడం లేదు.

నీ బావ,
పర్వతాలు

తా.క. గిన్నెలో పాలు తాగింది గొర్రెపిల్లేనని మీ అక్క అంటోంది. అమ్మ నమ్మడం లేదు.

హైదరాబాదు,
18 జూన్

బావా, దండాలు తర్వాత పెడతాను.

అది పాము కాదు, గాలి! ఇంజను ఆపితే ఆగిపోయే బుస పాముదెట్లా అవుతుంది? ఎక్కడో బొక్క పడి, ఉండాల్సినదానికంటే ఎక్కువ గాలి ఇంజనులోకి దూరుతోంది. అందుకే నిలబెడితే వణుకుతోంది, గాలిని తగ్గించే చోకు లాగితే కుదుటపడుతోంది. నీ కారుకు ముందటి అద్దం తుడిచే వైపరు ఉంది కదా. అది ఇంజను గుంజే గాలితోనే ఆడుతుంది. ఇంజను నుంచి దానికో పైపు పోతుంది. ముందు అది చూడు. పగిలినా, ఊడినా, ఇంజను దిక్కు బొక్కను బిగుతుగా మూసెయ్. వైపరు ఆడకపోతే పోనీ, ఇంజను ఆగకుండా ఉంటుంది.

అక్కకు ఏమన్నా అయితే నేను నీ గడప తొక్కను బావా. ఏడుస్తూ రాస్తున్నాను.

భిక్షం

తా.క. పాముకు పోసే పాలు అక్కకు తాపు.

మహబూబ్‌నగర్ దవాఖాన,
23 జూన్

బామ్మర్ది భిక్షంకు బావ దీవెనలు. ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇక నెమ్మదిగా కూర్చుని మిగతాది చదువు.

నీ ఉత్తరం, మీ అక్కకు నొప్పులు ఒక్కసారే వచ్చాయి. అమ్మ అరుస్తున్నా వినకుండా బానెట్ ఎత్తాను. పైపు పగలలేదు, ఊడలేదు, అసలు లేనే లేదు! ఇంజను దిక్కు చిన్న ముక్క మిగిల్చి ఎవరో కోసుకుపోయారు. కట్టెతో బిరడా చెక్కి, గుడ్డ చుట్టి అందులో దిగ్గొట్టాను. బుస ఆగింది.

తోవలో రైలు గేటు పడే ఉంది. గూడ్సుబండి ఎంతకూ కదలదు. మీ అక్క నా భుజం పట్టుకుని మూలుగుతోంది. నేను ఇంజను చప్పుడు వింటూ కనిపించని దేవుళ్లందరికీ మొక్కాను. అది ఒక్కసారి కూడా వణకలేదు బామ్మర్దీ! నాకు ఏడుపొచ్చింది.

గేటు లేచేసరికి వాన పట్టుకుంది. పోయినేడంతా మొహం చూపని వాన! వైపరు ఆడదు. అమ్మ కిటికీలోంచి చేయి చాపి కొంగుతో అద్దం తుడుస్తూ, ఆ పైపు కోసిన దొంగను దవాఖాన దాకా తిట్టింది. ఇక్కడికొచ్చాక కూడా ఆపలేదు. ఇవాళ మీ అక్క పక్కలో బిడ్డను పెట్టుకుని మెల్లగా అంది: "వానలే లేకపాయె, వైపరెందుకని నేనే కోసిన. సీసాకు పైపు పెట్టుమన్నది తమ్ముడే గద!"

కోడలిని ఏమీ అనలేక, అమ్మ ఆ తిట్లన్నీ నీ పేరు మీదికి మార్చింది.

నీ బావ,
పర్వతాలు

తా.క. మేనకోడలిని చూడడానికి వచ్చేటప్పుడు కొత్త పైపు తీసుకురా. ఒకటి కాదు, రెండు తే. గొర్రెపిల్ల ఇంకా పాలు మానలేదు.