అంతా పచ్చగానే ఉంది

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను ఎత్తవు కాబట్టి రాసి తిట్టాల్సి వస్తోంది. సిరంజి తప్ప మౌస్ పట్టని హెడ్ నర్సుని, "రిపోర్టులు చేయడం వంట చేసినంత తేలికక్కా" అంటూ నీ డేటాబేస్ క్లాసులో కూర్చోబెట్టావు. నువ్వెప్పుడు వంట చేశావు గనక?

నువ్వు చెప్పినట్టే రోగుల పట్టికనీ, నర్సుల డ్యూటీ పట్టికనీ కలిపాను. నర్సులు తక్కువైన వార్డుని ఎర్రగా చూపించమన్నాను. అంతా పచ్చగా కళకళలాడింది. సూపరింటెండెంటు గారు మురిసిపోయి, "చూశారా సిస్టర్, మనకి కొరతే లేదు!" అంటూ కొత్త నర్సుల ఫైలు పక్కన పడేశారు.

నాకు ఒళ్లు మండింది. పిల్లల వార్డులో ఉన్న ఒక్క నర్సూ మానేసి వెళ్లిపోయింది కదా, మరి అదెందుకు ఎర్రబడలేదని భూతద్దం పెట్టి వెతికాను. అసలు ఆ వార్డే లేదు! రెండు పట్టికల్లోనూ పేరున్న వార్డులే రిపోర్టులోకి వస్తాయట. ఒక నర్సు తగ్గితే ఎరుపు, ఒక్కరూ లేకపోతే మాయం! ఇదెక్కడి చోద్యంరా? ఈ ముక్క క్లాసులో చెప్పడానికి నీకు నోరు రాలేదా?

ఆయనకి చెబితే, "రిపోర్టులో లేదుగా" అంటారు. అందుకే పిల్లల వార్డు డ్యూటీలో నా పేరే ఎక్కించుకుని ఇక్కడ కూర్చున్నాను. ఇప్పుడొచ్చింది, నిప్పులా ఎర్రగా. ఎవరూ లేని వార్డు కూడా కనిపించే మార్గమేదో వెంటనే చెప్పు. నేను లేచి వెళ్లానంటే ఈ పిల్లలు మళ్లీ మాయమైపోతారు.

అక్క