మాట ఆగిన చోట

మొండి అన్నయ్యకి,

నీకు మత్తు నేను ఇవ్వను. "మా పొట్టి మత్తిస్తేనే ఆపరేషను, లేకపోతే ఇలాగే స్ట్రాతో తాగుతూ బతికేస్తాను" అని వదినతో కబురు పెట్టావు. నీకది బెదిరింపు, నాకు ప్రాణసంకటం.

క్యాన్సరుకి రేడియేషను కరెంటు పెట్టాక నీ దవడ బిగుసుకుపోయింది. నోరు వేలెడు కూడా తెరుచుకోదు. అలాంటివాళ్లని ముందే నిద్రపుచ్చితే ఊపిరి గొట్టం వేయడానికి దారి దొరకదు. అందుకే మెలకువగానే ఉంచి, గొంతు మొద్దుబార్చి, కెమెరా ఉన్న సన్నటి తీగ మీదుగా ముక్కులోంచి గొట్టం దించుతాం. అది స్వరతంతువులు దాటగానే మాట ఆగిపోతుంది. ఆగితేనే మేం సరిగ్గా వేసినట్టు.

కిందటేడు నీలాగే నోరు తెరుచుకోని ఒకావిణ్ణి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నాను. కూతుర్ని పిలిచింది. "చిన్నీ, జడ వేస్తాను, ఇలా..." అంతే. గొట్టం చక్కగా కూర్చుందని సంతోషించాను. ఆపరేషను మధ్యలో ఆవిడ గుండె ఆగింది. నా తప్పేం లేదని అందరూ అన్నారు, నాకూ తెలుసు. అయినా చేతులు కడుక్కుంటుంటే నీళ్ల చప్పుడులో ఆ "ఇలా" వినిపిస్తుంది అన్నయ్యా. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. నీ గొంతు కూడా అందులో చేరితే నేను తట్టుకోలేను. మా పెద్ద డాక్టరు మత్తిస్తారు, నాకంటే చెయ్యి తిరిగినవారు. ఒప్పుకో, నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ పొట్టి

పొట్టీ,

ఒప్పుకున్నాను, అయిపోయింది కూడా. ఎక్కువ మాట్లాడొద్దన్నారు, అందుకే ఈ ఉత్తరం. నోట్లో వేలు పెడితే కొరకలేనివాణ్ణని అమ్మ అనేది కదా, పొద్దున మీ పెద్ద డాక్టరు రెండు వేళ్లు పెట్టి చూస్తే కొరికినంత పని చేశాను.

ఆపరేషను రోజు ఆయన మాట్లాడుతూ ఉండమంటే నిన్నే తిట్టడం మొదలుపెట్టాను. "పిరికిదానా, అన్నని వదిలేసి ఎక్కడ..." అంటుండగా ఆగిపోయింది. భయమేసిందే. అరుద్దామంటే చప్పుడే లేదు. తర్వాత నర్సు చెప్పింది, నువ్వు తలుపు అవతలే నిలబడ్డావట, నా మాట ఆగగానే చెవులు మూసుకుని వెళ్లిపోయావట. అప్పట్నుంచి ఈ వార్డు వైపే రాలేదు. నేను బాగున్నానని వదిన చెప్పినా నీకు నమ్మకం కుదరడం లేదట.

ఆవిడ సంగతి నేను మార్చలేను. ఆ గొంతు నీతోనే ఉండిపోతుందేమో. కానీ నాది అక్కడ ఆగలేదే. నిద్ర లేచాక మీ వదినని పిలిచాను. కప్ప అరిచినట్టుంది గానీ నా గొంతే. నువ్వు సగం విని పారిపోయావు. వచ్చి నా మంచం పక్కన కూర్చో. మిగతా తిట్లు నోరు తెరిచి తిడతాను.

అన్నయ్య