పన్నెండు కిలోలు

ప్రియమైన నీకు,

ఫోను అందని ఈ కొండమీద వారానికోసారి జీపులో వచ్చే నీ ఉత్తరమే నాకు లోకవార్త. మా వాతావరణ కేంద్రంలో బ్యాటరీ చేతులెత్తేసింది. సోలార్ ప్యానెల్ బానే ఉంది, కరెంటు దాచుకునే చోటే లేదు. పొద్దుగూకితే టార్చి నోట్లో కరుచుకుని వాన లెక్కలు రాస్తున్నా. ఒక పోర్టబుల్ పవర్ స్టేషన్, అదే, కరెంటు నింపుకునే పెట్టె, కొని పంపు. చిన్నది చాలు. రేడియో, లాప్‌టాప్, ఒక బల్బు, అంతేగా. నాలుగు నెలల్లో దిగొచ్చేవాడికి హంగామా ఎందుకు?

నువ్వు నోట్లో గుండుసూదులు పెట్టుకుని నాతో మాట్లాడేదానివి. ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఆ గొణుగుడు వినబడినా చాలనిపిస్తోంది.

నీ కొండమనిషి

&nbsp;

శ్రీవారికి,

దుకాణానికి వెళ్లాను. చిన్నది మూడొందల వాట్ అవర్లు, చంకలో పెట్టుకుని పోవచ్చు. పెద్దది వెయ్యి. పన్నెండు కిలోలు, ధర మూడింతలు. "ఏం నడపాలి మేడమ్?" అంది అమ్మే అమ్మాయి. "మా ఆయన్ని" అందామని నోటిదాకా వచ్చింది.

నేనైతే పెద్దదే అంటాను. మబ్బు పట్టి మూడు రోజులు ఎండ రాకపోతే? ఇంకో మాట, కోప్పడకండి. నిజంగా నాలుగు నెలలేనా?

మీ దర్జీ

&nbsp;

ప్రియమైన దర్జీగారికి,

వాన ఎంత పడిందో చెప్పగలను గానీ ఆఫీసు మనసులో ఏముందో నేనేం చెప్పను? చిన్నది పంపమన్నానా లేదా? జీపు ఆగేచోటు నుంచి గంటన్నర ఎక్కాలి, పన్నెండు కిలోలు ఎవరు మోస్తారు? పెద్దది, పెద్దది అని నువ్వంటుంటే నన్ను ఇక్కడే కాపురం పెట్టుకోమన్నట్టుంది. నేను లేకపోవడం నీకు అలవాటైపోయిందా?

ఈ ముక్క కొట్టేద్దామనుకున్నా. కొట్టేసినా మళ్లీ రాస్తానని ఉంచేశా.

నీవాడు

&nbsp;

ఏవండీ,

మూడు వారాలు నేను రాయలేదు. జీపు వచ్చిన ప్రతిసారీ మీరు కిందదాకా వచ్చి, వట్టి చేతులతో వెనక్కెళ్తున్నారని డ్రైవరు చెప్పాడు. ఆ మాటల్లోనే ఇంకోటీ నోరు జారాడు: "అయ్యగారికి కొండమీద డ్యూటీ ఇంకో రెండేళ్లు పొడిగించారు కదమ్మా!"

వంటింట్లోకెళ్లి ఏడ్చాను. రెండేళ్లకి కాదు. ఆ కాగితం జేబులో పెట్టుకుని మీరొక్కరే అన్నాళ్లు తిరిగినందుకు.

అలవాటయిందా అని అడిగారు. నెలకో చొక్కా మీ కొలతలకి కుట్టి బీరువాలో పెడుతున్నాను. పది అయ్యాయి.

పెద్దదే కొన్నాను. మీ రేడియో కోసం కాదు. నా కుట్టుమిషను దుకాణానికి మోయించుకెళ్లి, దానిమీద నడిపించి మరీ చూశాను. నిండా ఛార్జయితే ఏడెనిమిది గంటలు కుడుతుందట. బడిపిల్లల యూనిఫాంలు మీ కొండమీదే కుట్టి వారం వారం జీపులో పంపిస్తానంటే బట్టల షాపామె సరేనంది. నా కొట్టు ఖాళీ చేసి తాళాలు ఇచ్చేశాను. మీతో చెబితే వద్దంటారని, అన్నీ అయ్యాకే రాస్తున్నాను.

ఈ ఉత్తరం అందిన మరుసటి వారం, అదే జీపులో వస్తున్నాను. పెట్టె మీరు మోయండి, మిషను డ్రైవరు పట్టుకుంటానన్నాడు, చొక్కాలు నేను తెస్తాను. మిమ్మల్ని తిట్టాల్సింది చాలా ఉంది గానీ, ఎక్కేటప్పుడు ఊపిరి చాలదు. పైకొచ్చాక నిదానంగా తిడతాను.

ఇక ఉత్తరాలు రాయక్కర్లేని
మీ ఆవిడ