గుడి లేని బావి

రేవుపాలెం, జూన్ 3

నీటి పరీక్షల ఆఫీసులో పెద్దసారు కృపాకర్ గారికి దేముడమ్మ దండాలు.

మా బావకి ఉప్పు ఎక్కువైపోయింది బాబూ. ఊళ్లో ఆడవాళ్లమంతా తెల్లారేసరికి బావ దగ్గరికే పోతాం. అరవై గడపలకీ బావే దిక్కు. ఎవరినైనా పంపి పరీక్ష చేయించండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
దేముడమ్మ, డ్వాక్రా లీడరు

తా.క. మొన్న బావలో మేక పడింది. తాళ్లేసి తీశాం.

*

విశాఖపట్నం, జూన్ 10

శ్రీమతి దేముడమ్మ గారికి,

మీ అర్జీ అందినది. మీ బావగారికి ఉప్పు అధికమైనందుకు విచారిస్తున్నాము. ఇది మా పరిధిలోనిది కాకపోయినా, ప్రాణానికి సంబంధించినది కనుక ఆరోగ్య కేంద్రానికి తెలియపరిచాము. నర్సు వచ్చేవరకు ఆయనకు ఆవకాయ, ఎండుచేపలు పెట్టవద్దు. ఆడవారందరూ తెల్లవారుజామునే వెళ్లి ఆయనను ఇబ్బంది పెట్టడం కూడా తగదు.

భవదీయుడు,
కృపాకర్

తా.క. బావగారిలో మేక ఎలా పడినదో మా ఆఫీసులో ఎవరికీ అర్థం కాలేదు.

*

రేవుపాలెం, జూన్ 19

కృపాకర్ బాబుకి,

మీరు పంపిన నర్సమ్మ కేథరిన్ వచ్చింది. "బావ ఎవరమ్మా?" అనడిగితే, ఊళ్లోవాళ్లు అరుగు మీద చుట్ట కాలుస్తున్న మా ఆయన నీలకంఠాన్ని చూపించారు. నాకు మేనత్త కొడుకు, ఇప్పటికీ బావ అనే పిలుస్తాను. "నాకేటి రోగం? దుక్కలా ఉన్నాను!" అని ఒకటే అరుపు. మిషను కడితే బీపీ నూట తొంభై! నర్సమ్మ మొహం మారిపోయింది. ఇంకో పదిహేను మందికి చూస్తే సగం మందికి ఎక్కువే. "ఏ నీళ్లు తాగుతారు?" అంది. బావి దగ్గరికి తీసుకెళ్లాం. గుక్కెడు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

నేను రాసింది ఆ బావి గురించి బాబూ. టాంకర్లవాళ్లు ఊరి పక్కన పెద్ద పెద్ద బోర్లేసి, రుషికొండ అపార్టుమెంట్లకి నీళ్లు తోలుకుపోతున్నారు. భూమిలో మంచినీళ్లు తగ్గేకొద్దీ సముద్రం లోపల్నుంచి వచ్చేస్తోంది. నాకు భయంగా ఉంది.

ఉంటాను,
దేముడమ్మ

తా.క. మేక కులాసా.

*

విశాఖపట్నం, జూలై 2

దేముడమ్మ గారికి,

బావి అనే మాటకు గుడి పడకపోవడం వల్ల ఇంత పొరపాటు జరిగినది. ఇకపై రాసేటప్పుడు అక్షరాల మీద శ్రద్ధ వహించగలరు.

మీ నీళ్లు పరీక్షించాము. తాగడానికి పనికిరావు. నర్సు నివేదిక చదివాక నాకు అన్నం సహించలేదు. మీ ఊరికి రోజూ మంచినీళ్లు పంపే ఏర్పాటు చేశాను. బోర్లు ఆపించమని పైకి గట్టిగా రాశాను.

మీ శ్రేయస్సు కోరే,
కృపాకర్

తా.క. మీ మొదటి ఉత్తరం మా ఆఫీసంతా చదివి నవ్వుకున్నాం. క్షమించండి.

*

రేవుపాలెం, జూలై 9

కృపాకర్ బాబుకి,

నీళ్లొచ్చాయి. కడుపారా తాగాం. బిందె ఎత్తుకుంటుంటే ఏడుపొచ్చేసింది.

గుడి మరిచిపోలేదు బాబూ, నేనే తీసేశాను. గుడి పెట్టి శుభ్రంగా రాసిన అర్జీలు మూడు, రెండేళ్లుగా మీ బీరువాలోనే ఉన్నాయి, చూసుకోండి. నవ్వుకోడానికైనా ఎవరో ఒకరు చదువుతారని ఈసారి ఇలా రాశాను. "మొగుడి పరువు తీసీసినావే!" అని మా తోడికోడలు సీతాలు తిట్టింది. బావ మాత్రం, "నీళ్లొత్తే సాలు, నన్నేటన్నా అనుకోనీ" అన్నాడు.

మీరు మంచివారు. మిగతా ఊళ్ల అర్జీలు కూడా తీసి చదవండి.

సెలవు,
దేముడమ్మ

తా.క. మొన్న ఆదివారం బావకి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట రావడం లేదు. పెద్దాసుపత్రిలో చేర్చాం. బీపీ ఎప్పట్నుంచని డాక్టరమ్మ అడిగింది. రెండేళ్ల కిందట నేను మొదటి అర్జీ పెట్టిన నెలలోనే మా ఊళ్లో ఆరోగ్య క్యాంపు పెట్టారు. అప్పుడు బావకి బీపీ చూసి రాసిచ్చిన కాయితం ఇంకా నా దగ్గరుంది. అప్పటికి బావకి బీపీ లేదు బాబూ.