ముడతలు కనపడే కెమెరా

ఏప్రిల్ 3

మొన్న ఇక్కడే "కెమెరా సరదా పుట్టింది" అని రాశాను. తప్పు. ఎర్ర సిరాతో కొట్టేశాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లల నోటుబుక్కులు దిద్దినదాన్ని, నావి దిద్దుకోవడానికి నామోషీ ఏమిటి? సరదా కాదు. ఈ మిరప కల్లం పని అయిపోగానే ఖాసింబీ కూతురి దగ్గరికి అద్దంకి వెళ్ళిపోతోంది. ఇక అక్కడేనట. దాని ముఖం నాకు కావాలి.

ఏప్రిల్ 4

"ఫోన్ ఉందిగా అమ్మమ్మా!" — స్రవంతి. ఉంది. నెల కిందట మా వసారాలో ఖాసింబీని దాంతోనే తీసింది. ఫొటోలో ఒక్క ముడత లేదు. గడ్డం మీద మచ్చ లేదు. ఖాసింబీ చూసి పకపకా నవ్వింది. "ఎవరే టీచరమ్మా ఇది, మీ ఇంటికొచ్చిన కొత్త కోడలా?"

ఆ నునుపు చేసేదేదో తీసేసి మళ్ళీ తీస్తానంది మనవరాలు. ఖాసింబీ కొంగు ముఖం మీదికి లాక్కుంది. "ఒకసారి పడుచుదాన్నయ్యాను. చాల్లే."

ఆ మచ్చ నేను పెట్టిందే. ఇద్దరం నాలుగో తరగతిలో ఉండగా, పలక అంచుతో. ఎందుకు కొట్టానో గుర్తు లేదు. గుమ్మం మీద పడ్డానని వాళ్ళమ్మతో చెప్పింది. అడిగినవాళ్ళకి ఈనాటికీ అదే చెబుతుంది... నా ఎదురుగానే.

ఏప్రిల్ 5

కొత్త చిన్న కెమెరాల ధరలు చూశాను. నా పెన్షన్‌ని వెక్కిరిస్తున్నాయి. పాతవి చూడాలి.

ఏప్రిల్ 7

సత్తెనపల్లి. స్టూడియోలో పాత కెమెరాలు అమ్ముతున్నారు. "ఎన్ని మెగాపిక్సెల్స్ కావాలి మామ్మగారూ?" "ముడతలు కనపడేటన్ని." అతను నవ్వాడు, నేను నవ్వలేదు.

సంచీలోంచి ఎండుమిరపకాయ తీసి బల్ల మీద పెట్టాను. దీన్ని తియ్యి నాయనా అన్నాను. కాయ చూడకుండా మిరప కొనేవాడు ఈ చుట్టుపక్కల ఉన్నాడా? మెరుస్తున్న నల్లదాంట్లో అది ఎర్ర ప్లాస్టిక్ బొమ్మలా వచ్చింది. గీతలు పడ్డ వెండిరంగు దాంట్లో ప్రతి ముడతా వచ్చింది. తొడిమ దగ్గర తెల్లబారిన చోటు కూడా. దీన్నే ఇమ్మన్నాను.

"దీనికి జూమ్ కూడా బాగుంటుందండి, ఎంత దూరానిదైనా లాగుతుంది." అద్దంకి దాకా లాగుతుందా అని అడగబోయి ఊరుకున్నాను.

ఆ ఒక్క ఫొటోతోనే అది ఆరిపోయింది. తీరా చూస్తే బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. కొత్తది గుంటూరు నుంచి తెప్పిస్తాడట. శుక్రవారానికి. కెమెరా అక్కడే ఉంచి వచ్చాను.

ఏప్రిల్ 8

ఖాసింబీ ప్రయాణం శనివారం. శుక్రవారం సాయంత్రం దాకా కల్లంలోనే.

ఏప్రిల్ 9

కల్లానికి వెళ్ళాను. కళ్ళు పొడిచే ఎరుపు. ఆడవాళ్ళందరూ ఘాటుకి ముక్కూ నోరూ గుడ్డతో బిగించి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు. కళ్ళను బట్టే ఖాసింబీని పట్టుకున్నాను. అరవై ఏళ్ళకి పైగా తెలిసిన కళ్ళు.

"రేపు కెమెరా తెస్తాను. ఆ గుడ్డ తీస్తావా?"

"తీస్తే తుమ్ములొస్తాయి. తుమ్మేదాన్ని తీస్తావా?"

"తీస్తాను."

"ఇంత ముఖం ఇన్నేళ్ళు చూశావు. ఇంకా కంఠతా రాలేదంటే నువ్వేం టీచరువే?"

పక్కన కూర్చుని నాలుగు తాలుకాయలు ఏరాను. చేతులు ఇంకా మండుతున్నాయి... మండనీ.

ఏప్రిల్ 10, శుక్రవారం

పొద్దున్నే స్టూడియోకి ఫోన్ చేశాను. బ్యాటరీ వచ్చిందట. ఒక సంగతి తట్టింది — టీ తాగాలంటే ఎవరైనా గుడ్డ దించాల్సిందే.

స్రవంతికి చెప్పాల్సినవి: పది గంటల బస్సుకి సత్తెనపల్లి. బ్యాటరీ అక్కడే ఛార్జింగ్ పెట్టించి, కెమెరా వెలిగాకే తేవాలి. మెమరీ కార్డు మరవకూడదు. మూడింటికల్లా ఇంట్లో ఉండాలి. వచ్చి ఫ్లాస్కు నిండా అల్లం టీ పెట్టాలి, ఖాసింబీకి చక్కెర ఎక్కువ. గ్లాసులు రెండు. టీ బాగా పొగలు కక్కుతూ ఉండాలి — ఊదుకుంటూ, నిదానంగా తాగేలా.