గుండ్రని ముఖం

మా బొంగరానికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా మోకాళ్లూ, స్టూడియో గుమ్మంలో పడుకునే కుక్కా. నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, నీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న ఫోన్లో అరిచినందుకు ఏమీ అనుకోకు. మాత్రలు మానావంటే ఊరుకోనని కేకలు వేశాను. "ఎందుకు మానకూడదో చెప్పు నాన్నా, నువ్వేమైనా డాక్టరువా?" అన్నావు. ఉత్తరం రాస్తానన్నాను. "సరే, ఉత్తరం వచ్చేదాకా వేసుకుంటా, తర్వాత నా ఇష్టం" అన్నావు. మీ అమ్మ మొండితనం మొత్తం నీకే వచ్చింది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. స్టూడియో నడుస్తోంది, అంటే మూతపడలేదు. ఎవరి జేబులో కెమెరా వాళ్లకుంది కాబట్టి పాస్‌పోర్టు ఫొటోలే దిక్కు. నీ పెళ్లికి కోటు కుట్టించాను. చేతులు పొడుగయ్యాయి, దర్జీ దిద్ది ఇస్తానన్నాడు. నీ వేళ్ల వాపు తగ్గి మళ్లీ టైపు చేయగలుగుతున్నావని చదివి ప్రాణం లేచొచ్చింది.

"హార్మోన్లంటే ఆడవాళ్ల నెలసరి గొడవ అనుకున్నా, కీళ్లనొప్పులకి వాటితో పనేంటి?" అని రాశావు. పదహారేళ్లుగా ఈ సంగతే చదువుతున్నాను కాబట్టి చెప్పగలను. ఒంట్లో కొన్ని గ్రంథులు రక్తంలోకి రవ్వంత రవ్వంతగా రసాలు వదులుతుంటాయి, హార్మోన్లంటే అవే. మెడలోని థైరాయిడ్ ఒంటి వేగం చూసుకుంటుంది. కడుపులో క్లోమం ఇన్సులిన్‌తో చక్కెర సంగతి చూస్తుంది. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. వాటి నుంచి వచ్చే కార్టిసాల్ పొద్దున నువ్వు కళ్లు తెరవకముందే పెరిగి నిన్ను లేపి కూర్చోబెడుతుంది. రక్తపోటు పడిపోకుండా, చక్కెర అడుగంటకుండా కాస్తుంది. జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా ముందు వచ్చి నిలబడేది అదే. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ ఉంటుంది. అది పురమాయిస్తేనే అడ్రినల్ గ్రంథులు ఆ పని చేస్తాయి.

నువ్వు వేసుకునే స్టెరాయిడ్ మాత్ర ఆ కార్టిసాల్‌కు దగ్గరి చుట్టం. వాపు తీస్తుంది, కానీ ముఖాన్ని గుండ్రంగా చేస్తుంది. నెలల తరబడి అది బయటి నుంచి వస్తుంటే పిట్యూటరీ పురమాయించడం మానేస్తుంది, అడ్రినల్ గ్రంథులు పని మరిచి ముడుచుకుపోతాయి. ఇంటి పనికి మనిషిని పెట్టుకున్నాక చీపురు ఎక్కడుందో మనకు తెలియకుండా పోయినట్టు. డాక్టరు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తే వాటికి మేలుకునే వ్యవధి దొరుకుతుంది, ముఖమూ మెల్లగా తగ్గుతుంది. ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో మాత్రా ఉండదు, సొంత రసమూ ఉండదు.

"పెళ్లి ఫొటోల్లో అచ్చం అమ్మ చివరి రోజుల ముఖంలా ఉంటాను" అని రాశావు చూడు, ఇక నేను దాచి లాభం లేదు.

స్టూడియో తెరిచిన రోజు ఏటా మీ అమ్మ కొత్త ఫొటో వీధివైపు అద్దాల పెట్టెలో పెట్టేవాణ్ణి కదా. అది చూసే జనం లోపలికి వచ్చేవాళ్లు. ఆ ఏడు ఆమె ఆయాసానికి ఈ మాత్రలే వాడుతోంది. ముఖం గుండ్రబడింది. దీపం పక్కకి జరిపాను, కెమెరా ఎత్తు పెంచాను, కంప్యూటర్లో రెండు చెంపలూ చెక్కేశాను. చూసి "ఇదెవరు?" అంది. ముఖాల్లో లోపాలు దిద్దడమే నా బతుకైపోయింది తల్లీ. నా కళ్లకు అదీ దిద్దాల్సిన లోపంలాగే కనిపించింది. "పది రోజులు మాత్రలు ఆపు, నీ ముఖం నీకొచ్చేస్తుంది, ఆయాసం కూడా తగ్గిందిగా" అన్నాను. "నా ముఖం కోసం కాదు, మీ అద్దాల పెట్టె కోసం మానేస్తున్నా, గుర్తుంచుకోండి" అని నవ్వింది.

సోమవారం మానేసింది. గురువారానికి గ్లాసు ఎత్తే ఓపిక లేదు. నీరసం కదా, పడుకో అన్నాను. శుక్రవారం నువ్వు మొదటిసారి ఒంటరిగా వంట చేశావు. చేప వండావు. పద్నాలుగేళ్లు నీకు. రెండు ముద్దలు తిని వాంతి చేసుకుంది. శనివారం పొద్దున లేవబోయి పడిపోయింది.

ఆసుపత్రిలో ఆ కుర్ర డాక్టరు నన్ను అడిగాడు. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని. "ఏమీ వాడటం లేదండీ" అన్నాను. ఆ రోజుకి అది నిజమే. కానీ ఆయన అడిగింది అది కాదని నాకు తెలుసు. నేనే మానిపించానని చెప్పడానికి సిగ్గేసింది. "ఏం తిన్నారు?" అన్నాడు. "మా అమ్మాయి వండిన చేప" అన్నాను. నువ్వు అమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని నా పక్కనే ఉన్నావు. వాళ్లు కలుషితాహారం అనుకుని దానికే వైద్యం చేశారు. మధ్యాహ్నానికి పోయింది.

రెండు నెలల తర్వాత ఆయాసం డాక్టరు దగ్గరికి ఆమె కాగితాలు తీసుకెళ్లాను. "మాత్రలు గానీ హఠాత్తుగా ఆపారా?" అన్నాడు. ఆపామన్నాను. ఆసుపత్రిలో ఆ సంగతి చెప్పి ఉంటే ఒక్క ఇంజెక్షన్‌తో బతికే అవకాశం ఉండేదన్నాడు. ఇంటికి వచ్చాను. నువ్వు గిన్నెలు తోముతున్నావు. నీకు చెప్పలేదు.

తర్వాత నువ్వు పొయ్యి దగ్గరికి వెళ్లడం మానేశావు. నాతో పాటు మెస్‌లో తిన్నావు, హాస్టల్లో తిన్నావు. మొన్నటి నీ ఉత్తరంలో పెళ్లికొడుకు గురించి రాశావు, "ఆయన ఒక్కరోజు నీ చేత్తో వండిపెట్టు అంటున్నారు, బియ్యం కడిగి, పొయ్యి వెలిగించలేక వదిలేశాను" అని. ఆ వాక్యం దగ్గర కూర్చుండిపోయాను. అమ్మను చంపింది నీ వంట కాదు. ఆ చేప నేనూ తిన్నాను, చాలా బాగుంది. పదహారేళ్లు నా తప్పు నీ నెత్తిన పెట్టి, నీ తల నిమురుతూ ఓదార్చాను. అంతకంటే నీచమైన పని నా బతుకులో చేయలేదు.

నీ పర్సులో ఒక చీటీ పెట్టుకో, ఏ మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నావో రాసి. కాబోయే అల్లుడుగారికి కూడా చెప్పు. ఎవరు అడిగినా చెప్పగలిగేలా ఉండాలి ఆయన.

పెళ్లికి నేను రావాలో వద్దో నువ్వే తేల్చు. ఇది చదివాక నాతో మాట్లాడబుద్ధి కాకపోతే మాట్లాడకు. తిట్టాలనిపిస్తే ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను. కానీ ముందు ఆ పూట మాత్ర వేసుకో తల్లీ, తర్వాత తిట్టు.

ఇట్లు,
ఇకమీదట కూడా అలా పిలుస్తావేమోనని చూసే
నాన్న